పట్టుకునే మనిషి

సీతయ్య ఇనుప చట్రాన్ని కొబ్బరిపీచుతో రుద్దుతున్నాడు. నిన్న సాయంత్రం సూది కోసం అందులో నిలబెట్టిన ఎర్ర కోడె బెదిరి వేసిన పేడ రాత్రికి రాత్రే ఎండి కడ్డీలకు అట్టకట్టింది. ఇతవారం పశువుల దవాఖానకు సెలవు. డాక్టరు శనివారం సాయంత్రమే దంతెవాడ వెళ్ళిపోతాడు. మందులిచ్చే ఆయన తలుపేసి తాళంచెవి సీతయ్య చేతిలో పెట్టి పోతాడు. ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకొని సీతయ్య ఒక్కడే మిగులుతాడు. చట్రం కడగాలి, తొట్టిలో నీళ్ళు నింపాలి, టీకాల ఫ్రిజ్జు మీద దీపం వెలుగుతుందో లేదో చూడాలి. ఇవన్నీ చెయ్యమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మానమని కూడా ఎవరూ చెప్పలేదు.

తన ఉద్యోగానికి కాగితం మీద ఏం పేరుందో ఆయనకే సరిగ్గా తెలియదు. ఎర్రబోరు చుట్టుపక్కల జనానికి మాత్రం ఆయన "పట్టుకునే సీతయ్య". సూది వేసేది డాక్టరు, పట్టుకునేది సీతయ్య. కోడె కొమ్ములు, మేక చెవులు, పంది కాళ్ళు, కుక్క మెడ, ఏదైనా సరే. చేతులా అవి! మోచేతి దాకా నరాలు తేలి, అరచేతులు చెప్పు అట్టలా గట్టిపడి ఉంటాయి. ఎడమ బొటనవేలిని ఒకప్పుడు ఒక దున్నపోతు చట్రానికేసి అదిమింది. అప్పట్నుంచి అది పక్కకే తిరిగి ఉంది. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక గుడ్డపీలిక, కుక్కలు కరవకుండా మూతి కట్టడానికి. ఒంటికి ఫినాయిలు వాసన పట్టేసింది, ఎంత తోమినా పోదు. దీంతో వచ్చిన తంటా ఏమిటంటే, సూది పొడిచిన డాక్టరును జంతువులు మరిచిపోతాయి గాని పట్టుకున్న సీతయ్యను మరిచిపోవు. ఆయన సంతలో అడుగుపెడితే కట్టేసిన మేకలు తాళ్ళు తెంపుకోబోతాయి. వీధికుక్కలు దూరం నుంచి ఎగిరెగిరి మొరిగి, దగ్గరికి రాగానే తోక ముడిచి దడి సందుల్లో దూరతాయి.

ఊరి కుక్కల సంగతి పోనిద్దాం. ఇంట్లో కుక్క కూడానా?

దాని పేరు సుక్కడు. నల్లటి ఒళ్ళు, నుదుట తెల్ల చుక్క. కూతురు మీనా పెళ్ళయి ఉసూర్ వైపు కాపురానికి పోయేముందు ఎక్కడినుంచో సంచిలో వేసుకొచ్చి, తల్లి ఒళ్ళో పెట్టి పోయింది. అప్పట్నుంచి సీతయ్య భార్య జోగేకు అదే లోకం. జావ కాచగానే మొదట దాని సత్తు పళ్ళెంలో పోస్తుంది, ఆ తర్వాతే సీతయ్య కంచంలో. చలికాలం దానికో దుప్పటి, వానాకాలం అరుగు మీద పొడి గోనెసంచి. పొద్దస్తమానం దాంతోనే కబుర్లు. "ఏందిరా సుక్కా, ఆకలైతందా? ఎండ గొట్టిందారా నా బిడ్డకు?" రోజంతా కోడెలతో కుస్తీపట్టి వచ్చే సీతయ్యకు ఎండ కొట్టిందో లేదో అడిగిన పాపాన పోలేదు. పోనీ ఆ కుక్కయినా ఒక్కనాడు ఆయన కాళ్ళ దగ్గర పడుకుంటుందా? ఆయన గడపలో అడుగుపెట్టడమే ఆలస్యం, లేచి జోగే వెనక్కి పోయి, ఆమె చీర చాటునుంచి తొంగి చూస్తుంది. దొంగ వచ్చినట్టు! ఆయన తెచ్చిన బియ్యం తింటూ, ఆయన కప్పిన కప్పు కింద పడుకుంటూ!

సీతయ్యకు కుళ్ళు. ఇందులో దాచేదేముంది, ఆ కుక్కను చూసి ఆయన కళ్ళలో నిప్పులు పోసుకునేవాడు. అసలు ఎవరి మీద కుళ్ళో ఆయనకే తేలేది కాదు. జోగేను తనకు కాకుండా చేసిందని కుక్క మీద మంట, కుక్క తన దగ్గరికి రాకుండా తానొక్కతే దక్కించుకుందని జోగే మీద మంట. ఒకసారి ఆమె ఇంట్లో లేనప్పుడు ఎండుచేప ముక్క అరచేతిలో పెట్టి "రా రా" అని పిలిచాడు కూడా. సుక్కడు మెడ చాచి వాసన చూసింది. చేప వాసనతో పాటు ఫినాయిలు వాసనా తగిలినట్టుంది, చెవులు వెనక్కి పెట్టి నాలుగడుగులు తగ్గింది. ఆ చేపముక్క ఆయనే తినేశాడు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఇది ఇప్పపూలు రాలే కాలం. తెల్లారకముందే జోగే బుట్ట పట్టుకొని అడవి అంచున ఉన్న తమ ఇప్పచెట్టు కిందికి పోతుంది. సుక్కడు రాత్రంతా అక్కడే పడుకొని, పశువులొచ్చి పూలు తినకుండా కాపలా కాస్తుంది. "ఇయ్యాల ఛుట్టీనే గద, నేను గూడ వస్త" అని సీతయ్య పోయిన ఇతవారం అడిగి చూశాడు. "నువ్వొస్తే సుక్కడు పారిపోతది. ఎందుకులే" అంది జోగే. ఎంత తేలిగ్గా అందో! ఆ మాట వారమంతా ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఈ పొద్దు చట్రాన్ని అంత కసిగా తోముతున్నాడు.

ఆయన ఇంటికి చేరేసరికి జోగే కూడా అడవి నుంచి వస్తోంది. నెత్తిన పూలబుట్ట. వెనకాల సుక్కడు. రోజూ ముందు పరుగెత్తి దడి దూకే కుక్క ఇవాళ వెనక పడింది. కాళ్ళు అడ్డదిడ్డంగా పడుతున్నాయి. వాకిట్లోకి రాగానే వెనక కాళ్ళు కుదేలై చతికిలబడింది.

"మీనా నాయనా, జర సుక్కడిని సూడరాదు. కాళ్ళు తేలిపోతున్నయ్. తొవ్వల రెండుసార్లు పడ్డది" అంది జోగే, బుట్ట దించకుండానే.

సీతయ్యకు పోయినేడు గుర్తొచ్చింది. పక్కింటి ముయా ఇప్పసారా కాచి, ఉడికిన పూల పిప్పిని దడి వెనక పారబోస్తాడు. పోయినేడు సుక్కడు ఆ పిప్పి కడుపునిండా మేసి ఇలాగే తూలుకుంటూ వచ్చి పడింది. జోగే గుండెలు బాదుకుంటే, సీతయ్య పరుగున పోయి అన్నం ముందు కూర్చున్న డాక్టరును లేపుకొచ్చాడు. డాక్టరు దాని మూతి దగ్గర వాసన చూసి పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత సంతకెళ్ళినప్పుడల్లా జనమంతా, "సీతయ్యా, నీ కుక్కకు మత్తు దిగిందా?" అని ఒకటే ఎగతాళి. ఇంకోసారి ఆ తలవంపు పడేది లేదు.

"ఏంగాలే. ముయా పిప్పి పారబోసి ఉంటడు, మళ్ళ మేసొచ్చింది నీ కొడుకు. మాపటికి దిగుతది, పండుకోనీ" అన్నాడు అరుగు దగ్గరే నిలబడి.

"దగ్గరికొచ్చి సూడరాదు."

దగ్గరికి పోవచ్చు. మూతి వాసన చూడటం ఎంతసేపు? కాని ఆయన అడుగు వేస్తే, ఆ తూలే కాళ్ళతోనే అది జోగే వెనక్కి జరుగుతుంది. జరగడం జోగే చూస్తుంది. పొద్దున్నే ఆ అవమానం ఎందుకు?

"ఇన్నేండ్ల సంది దవాఖానల పనిజేస్తన్న, నాకెరుక గాదా? నువ్వు దాని పక్కన కూసుండి గోల జెయ్యకు. ఎంత గోల జేస్తే అంత ఆలస్యం దిగుతది."

ఈ ఆఖరి ముక్క ఆయనే కల్పించాడు. జోగే నమ్మింది. డాక్టరు చెప్పినట్టే నమ్మి, కుక్కను ఎత్తుకొచ్చి దడి నీడలో గోనె మీద పడుకోబెట్టింది. సత్తు పళ్ళెంలో జావ పోసి దాని మూతి దగ్గర పెట్టింది. అది ముట్టలేదు. "సూసినవా, మత్తు" అన్నాడు సీతయ్య.

ఆ తర్వాత గడిచిన పొద్దు ఉంది చూశారూ, సీతయ్యకు అలాంటి పొద్దు దొరికి ఎన్నేళ్ళయిందో! ఇద్దరూ చాప మీద పూలు పరిచి, ఎదురెదురుగా కూర్చొని చెత్త ఏరారు. జోగే గోనె వైపు లేవబోయినప్పుడల్లా "కూసో, పండుకోనీ" అని ఆయన ఆపాడు. ఆమె కూర్చుంది. మీనా కొత్త ఇంటికి రేకులు వేశారట, ఆ కబురు చెప్పింది. ఎర్ర కోడె చట్రంలో కూడా డాక్టరు చొక్కా ఎలా నమిలేసిందో ఆయన చెబితే నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆయన ముఖంలోకి చూసి, "మొకం ఎర్రగైంది. ఎండ గొట్టిందా ఏంది?" అని అడిగింది.

అడిగింది! సీతయ్య తలవంచుకొని, ఏరిన పూలనే మళ్ళీ ఏరాడు. రోజూ ఆ కుక్క మత్తులో పడి ఉంటే ఎంత బాగుండు అనుకున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక ముయా దడి మీంచి తల పెట్టాడు.

"జోగక్కా, మీ పూలు ఎండినయా? ఎండితే నాకు జర ఇయ్యి. నాయి సాలక ఇంకా పొయ్యే ఎలిగియ్యలే."

సీతయ్య చేతిలో పూలు ఆగిపోయాయి. "ఏందిరా? నిన్న మొన్న కాచలే?"

"ఏడ కాచిన అన్నా! హోలీ కాడినుంచి కుండ బోర్లించే ఉంది."

సీతయ్య లేచాడు. గోనె దగ్గరికి నడిచాడు. సుక్కడు వెనక్కి జరగలేదు. వంగి మూతి దగ్గర ముక్కు పెట్టాడు. పుల్లటి వాసన లేదు, ఏ వాసనా లేదు. సగం మూసుకుపోయిన కనురెప్పను వేలితో ఎత్తితే, వదలగానే మళ్ళీ వాలిపోయింది. అది మొరగబోయింది గాని నోరు కదిలిందే తప్ప శబ్దం రాలేదు. పై పెదవి తిరగేసి చూశాడు. లోపలి వైపు, సూదితో గుచ్చినట్టు, పక్కపక్కన రెండు చుక్కలు. రాత్రి చెట్టు కింద రాలుటాకుల్లో మూతి పెట్టినప్పుడు కాటేసి ఉంటుంది.

"ఏంది? మత్తేనా?" అంది జోగే వెనకాల.

ఆయన ఫోన్ సిగ్నలు దొరికే రోడ్డు మీదికి పరుగెత్తాడు.

డాక్టరు ఉమామహేశ్ కోంటలో కిరాణా వ్యాపారం చేసే తెలుగువాళ్ళ అబ్బాయి. సెలవునాడైనా ఫోన్ ఎత్తాడు.

"సాబ్, ఇతవారం పూట ఫోన్ జేస్తన్న, ఏమనుకోకున్రి. మా సుక్కడు... రెప్పలు లేస్తలేవు, గొంతు పడిపోయింది. పెదవి లోపల రెండు గాట్లున్నయ్."

"కట్లపాము, సీతయ్యా. ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"పొద్దుటి సంది సాబ్."

"పొద్దుట్నుంచా? మరి ఇప్పుడా చెప్పడం?"

సీతయ్య ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. అవతలి గొంతు తగ్గింది. "సరే విను. ఆ మందు మన దవాఖానలో లేదు. నేనిక్కడ దంతెవాడలో మందుల దుకాణం తీయించి, తీసుకొని బయల్దేరతాను. నువ్వు బండి చూసుకొని ఎదురు రా, సుక్మా దగ్గర కలుద్దాం. తల పక్కకు ఉంచి, నాలుక ముందుకు లాగి పట్టుకో. గొంతుకు అడ్డం పడితే ఊపిరి ఆగిపోతుంది. పట్టుకోవడం నీకు నేను చెప్పాలా?"

ఆ పూట రోడ్డు మీద ఉన్న బండి మంగల్ జీపు ఒక్కటే. సంతకు పోయే జనంతో సగం నిండి, మిగతా సగం కోసం ఆగి ఉంది. "కుక్కకు గాడీనా?" అని లోపల ఎవరో నవ్వారు. "పోయినేటి కుక్కేనా అన్నా? మత్తు దిగలేదా?" అన్నారు ఇంకొకరు. కోడె కొమ్ములు వంచిన చేతులు రెండూ జోడించి సీతయ్య మంగల్ ముందు నిలబడ్డాడు. అంతలో జోగే కుక్కను చేతుల్లో వేసుకొని రోడ్డెక్కింది. దాని మెడ ఆమె మోచేతి మీంచి వేలాడుతోంది. నవ్వు ఆగింది. ఎవరూ దిగమనకుండానే జనం ఒక్కొక్కరే తట్టలు తీసుకొని దిగిపోయారు. మంగల్ తాళం తిప్పాడు.

"నాకియ్యి. నాలుక పట్టాలె" అన్నాడు సీతయ్య వెనక సీట్లో. జోగే ఇవ్వలేక ఇచ్చింది. అలవాటు కొద్దీ ఆయన చెయ్యి జేబులోని గుడ్డపీలిక కోసం పోయింది. సగం బయటికి లాగి, మళ్ళీ లోపలికి తోసేశాడు. వంకర బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నాలుక పట్టుకున్నాడు. సుక్కడి తల ఆయన తొడ మీద ఆనింది, ముఖం ఆయన వైపు. ఇన్నేళ్ళలో ఆ కుక్కను ఆయన ఒళ్ళోకి తీసుకోవడం ఇదే మొదలు. చెవులు ఇంత మెత్తగా ఉంటాయని ఆయనకు తెలియదు. ఎన్ని వేల జంతువులను పట్టుకున్నాడు! ప్రతి ఒక్కటీ గుంజుకుంది, తన్నింది, కరవబోయింది. ఇది మాత్రం ఒళ్ళంతా వదిలేసి ఆయన చేతుల్లో పడుకుంది.

"సుక్కా, ఇటు సూడరా. అమ్మను గదరా" అంటోంది జోగే దాని వీపు నిమురుతూ. సుక్కడు తిరగలేదు. రెప్పల సందు నుంచి కనబడే ఆ కాస్త కన్నూ సీతయ్య వైపే ఉంది.

చెప్పుకోవడానికి సిగ్గుచేటు గాని, ఆ క్షణాన సీతయ్యకు సంతోషం వేసింది. ఆమెను కాదు, నన్ను చూస్తోంది, అనుకున్నాడు. లోపల ఎక్కడో పండగలా ఉంది. మరుక్షణమే "ఎప్పట్నుంచి?" అన్న డాక్టరు గొంతు చెవిలో పడింది. ఆ విషం మెడను కదలనివ్వదని ఆయనకు తెలియదా? కాటు తిన్న ఆవులను చూడలేదా? ఇది తనను చూడటం లేదు, ఎటూ తిరగలేక ఇలా ఉంది. ఆ మాట అనుకున్నాక ఇక ఆ కంటిలోకి చూడలేక రోడ్డు వైపు చూశాడు. కాని చెయ్యి వదల్లేదు. పక్కటెముకలు ఎత్తుతూ దించుతూ, ఎత్తడం తగ్గుతూ వస్తోంది. జీపు గుంతలో పడినప్పుడల్లా ఒళ్ళో బరువు కదలకుండా కాళ్ళు బిగబట్టాడు.

దోర్నపాల్ దాటి కొంత దూరం పోయాక ఆయన వేళ్ళ మధ్య నాలుక మారింది. అంతకుముందు లాగా లేదు. కొంతసేపు అలాగే పట్టుకొని కూర్చున్నాడు.

"మంగలూ, ఇంక మెల్లగ పో" అన్నాడు.

జోగేకు తెలిసింది అలాగే.

డాక్టరు రోడ్డు పక్క మోటారుసైకిలు ఆపుకొని, మందు సీసా చల్లదనం పోకుండా ఫ్లాస్కులో పెట్టుకొని నిలబడి ఉన్నాడు. జీపులోకి వంగి కుక్క రొమ్ము మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఇంకాస్త ముందు..." అని మొదలుపెట్టి, జోగే ముఖం చూసి ఆపేశాడు. ఫ్లాస్కు మూత మళ్ళీ బిగించాడు.

పొద్దు వాలేవేళకు ఇప్పచెట్టు కింద గొయ్యి తవ్వి పూడ్చారు. ఇంటికొచ్చి ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. జోగే అప్పటిదాకా ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు.

"కండ్లు తెరవని కూనను తెస్తే నేను సాకిన. నా చేత్తోనే తిన్నది, నా కొంగులనే పన్నది" అంది. "పోయేటప్పుడు ఎంత పిలిచినా నా దిక్కు మొకం తిప్పలే. నీ ఒళ్ళె పండుకొని, నిన్నే సూసుకుంట పోయింది."

అందులో ఏడుపు లేదు. ఆ గొంతు ఎలాంటిదో సీతయ్య ఇట్టే పోల్చుకున్నాడు. ఆయన గుండెలో ఇన్నేళ్ళుగా ఉన్నదే, ఇవాళ ఆమె నోట వినబడింది. కుళ్ళు. తన మీద, జోగేకు! ఎన్నాళ్ళుగానో ఆయన కోరుకున్నదంతా ఒక్క పూటలో వచ్చి ఒళ్ళో పడింది. నోరు మూసుకొని కూర్చుంటే చాలు, అది ఆయనదే.

"తిప్పలే గాదు జోగే, తిప్పలేకపాయె" అన్నాడు. "ఆ యిసం మెడను పనిజెయ్యనియ్యదు. మెడ తిరిగితే నీ దిక్కే తిరుగుతుండె. కాళ్ళు ఆడితే నా ఒళ్ళెకెళ్ళి దూకి నీ ఎనక్కి పోతుండె. పొద్దుగాల దాని మూతి వాసన సూసుంటే అప్పుడే తెలుస్తుండె. నన్ను సూసి నీ సాటుకు పోతదని, దగ్గరికే రాలే నేను. మత్తు అన్నది నా కుళ్ళు."

జోగే ఆయన వైపు తిరిగింది.

"నా మనసు తేలికజెయ్యనీకి అంత నీ నెత్తినేసుకుంటున్నవ్" అంది. "ఒద్దులే. నేను సూసిన గద. నువ్వంటేనే దానికి పానం. ఇన్నేండ్లు భయమనుకున్న నేను."

"కాదే జోగే..."

"ఊకో" అంది ఆమె. లేచి లోపలికి పోయి, కుండ మూత తీసి, ఆయన కంచంలో జావ పోసి తెచ్చింది. అందరికంటే ముందు ఆయనకే.

సీతయ్య కంచం పట్టుకొని కూర్చున్నాడు. దడి పక్కన గోనె అలాగే ఉంది. దాని ముందు పొద్దుటి సత్తు పళ్ళెం అంచుదాకా నిండుగా ఉంది. ఎండకు జావ మీద కట్టిన మందపాటి పొర ఎక్కడా చిరగలేదు, ఒక్క నాలుక గీత కూడా లేదు.